అర శాతం వడ్డీ కోసం బ్యాంకులు తిరగడం దేనికి?

ఏప్రిల్ వచ్చిందంటే నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. ఒక బ్యాంకు ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్) మీద 7 శాతం ఇస్తోందట, ఇంకోటి 7.5 అంటోందట, పోస్టాఫీసులో 6.7 దగ్గరే ఆగిపోయిందట, దేంట్లో వేయమంటావ్ అని. అడిగే మనుషులు మారుతుంటారు గానీ ప్రశ్న అదే. నేను ముందు ఒకటే అడుగుతాను, నెలకి ఎంత కడదామనుకుంటున్నావ్ అని. చాలామంది అయిదు వేలంటారు.

సరే, అయిదు వేలే అనుకుందాం. ఏడాది పాటు నెలనెలా 5,000 కడితే అసలు 60,000. బ్యాంకు 7 శాతం చొప్పున మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడితే ఏడాది చివర చేతికి వచ్చేది దాదాపు 62,311. అదే 7.5 శాతమైతే 62,478. తేడా 167 రూపాయలు. ఈ 167 కోసం కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి, కేవైసీ ఇచ్చి, ఇంకో యాప్ ఫోన్లో ఎక్కించుకుని, ఇంకో పిన్ గుర్తుపెట్టుకోవాలి. నాకైతే ఓపిక లేదు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. ఆర్‌డీ మెచ్యూరిటీ రోజున చాలామంది మొహాలు మాడిపోయేది దీనికే. 60,000కి 7 శాతమంటే 4,200 అయినా రావాలిగా, 2,311 చేతిలో పెట్టారేంటి, బ్యాంకు వాళ్లు సగం నొక్కేశారు అనుకుంటారు. ఎవరూ ఏమీ నొక్కలేదు. మొదటి నెల కట్టిన 5,000 మాత్రమే పన్నెండు నెలలూ బ్యాంకులో ఉంది, చివరి నెల కట్టినది ఒక్క నెలే ఉంది. అన్ని వాయిదాలూ కలిపి చూస్తే సగటున ఆరున్నర నెలలకే వడ్డీ పడుతుంది, అందుకే పెద్దగా కనపడదు. అరవై వేలూ ఒకేసారి చేతిలో ఉన్నవాళ్లు దాన్ని నెలకింత అని ఆర్‌డీలో కట్టడంలో అర్థం లేదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ) వేసుకోవాలి, 4,312 వస్తుంది. ఆర్‌డీ అనేది నెల జీతంలోంచో, దుకాణం గల్లాపెట్టెలోంచో కొంచెం కొంచెంగా తీసి పక్కన పెట్టేవాళ్ల కోసం. దాని పని డబ్బు ఖర్చు కాకుండా ఆపడం. వడ్డీ ఆ తర్వాతి మాట.

మరి వడ్డీలో తేడా ఇంత తక్కువైతే దేన్ని చూసి ఎంచుకోవాలి? ఈ ఖాతా తెరవడానికి నువ్వు అర్హుడివేనా, ఒక నెల కట్టకపోతే ఏం చేస్తారు, మధ్యలో అవసరం పడి తీసేస్తే ఎంత కోస్తారు. డబ్బు పోయేదంతా ఈ మూడింటి దగ్గరే. వీటిని ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి పంపరు.

పోస్టాఫీసు ఆర్‌డీనే తీసుకోండి. నెలకి కనీసం 100 రూపాయలు, ఆపైన పదుల లెక్కన ఎంతైనా, గరిష్ఠ పరిమితి లేదు. వడ్డీని కేంద్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 2023 అక్టోబరులో 6.7 చేశారు, 2025 అంతా అక్కడే ఉంచారు. మీరు తెరిచిన రోజు ఎంత ఉందో గడువు మొత్తానికీ అదే. నెలకి 10,000 చొప్పున అయిదేళ్లు కడితే 6 లక్షల అసలుకి దాదాపు 7,13,659 వస్తుంది. గడువు మాత్రం అయిదేళ్లే, అంటే 60 వాయిదాలు. ఏడాదికో రెండేళ్లకో వేస్తానంటే కుదరదు. పిల్ల పెళ్లి రెండేళ్లలో ఉందనుకునే మనిషి ఇందులో వేయకూడదు. ఇంత మామూలు విషయం కూడా కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

వాయిదా తేదీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఖాతాని నెలలో 15వ తేదీ లోపు తెరిస్తే ఇక ప్రతి నెలా 15 లోపే కట్టాలి. 16 నుంచి నెలాఖరు మధ్య తెరిస్తే నెల చివరి పనిదినం దాకా టైం ఉంటుంది. డబ్బు 20వ తేదీ ప్రాంతంలో చేతికొచ్చే మనిషి, ఏదో మంచిరోజని 12న వెళ్లి ఖాతా తెరిచాడనుకోండి, అయిదేళ్లూ నెలనెలా టెన్షనే. నాలుగు రోజులు ఆగి 16న వెళ్తే సరిపోయేది. ఇలాంటి చిన్న నిబంధన తెలుసుకోవడం అర శాతం వడ్డీ కన్నా విలువైనది అంటాను నేను.

ఒక నెల తప్పితే వందకి రూపాయి చొప్పున జరిమానా, అంటే 5,000 వాయిదాకి 50. వరసగా నాలుగు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. నాలుగో వాయిదా తప్పిన నాటి నుంచి రెండు నెలల్లోపు వెళ్లి బాకీలన్నీ కట్టి మళ్లీ నడిపించుకోవచ్చు. అదీ దాటిపోతే ఇక అందులో కొత్తగా కట్టడం ఉండదు. దీనికి ఎదురుగా, ముందే కట్టేవాళ్లకి చిన్న రాయితీ ఉంది. ఆరు వాయిదాలు ఒకేసారి కడితే నెల వాయిదాలోని ప్రతి వందకి మొత్తం 10 రూపాయలు, పన్నెండు కడితే 40. బోనస్ వచ్చినప్పుడు ఏడాదివన్నీ ఒకేసారి కట్టేసి మర్చిపోయేవాళ్లు నాకు తెలుసు, అది మంచి పద్ధతి.

ఇక మధ్యలో తీయడం. అసలు దెబ్బ ఇక్కడే ఉంది. మూడేళ్లు నిండే దాకా పోస్టాఫీసు ఆర్‌డీని మూయడం కుదరదు. మూడేళ్ల తర్వాత మూయొచ్చు గానీ 6.7 ఇవ్వరు, పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాకి ఇచ్చే వడ్డీ ఇస్తారు, అది 4 శాతం. మన 5,000 లెక్కలోనే చూద్దాం. మూడేళ్లకి కట్టింది 1,80,000. ఆర్‌డీ రేటు ప్రకారం అయితే వడ్డీ దాదాపు 19,700 అయ్యేది, మూసేస్తే పదకొండు వేల చిల్లర చేతికొస్తుంది. ఎనిమిది వేలు పోయినట్టే. ఏడాదికి 167 చొప్పున మిగుల్చుకుంటూ పోతే ఈ ఎనిమిది వేలు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

దీనికి మందు కూడా అక్కడే ఉంది, అడిగితేనే చెబుతారు. ఏడాది నిండి పన్నెండు వాయిదాలు కట్టి ఉంటే ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా లోన్ ఇస్తారు, ఆర్‌డీ వడ్డీ మీద 2 శాతం ఎక్కువ వేస్తారు. 6.7 ఖాతా అయితే 8.7 అన్నమాట. ఏ పర్సనల్ లోనూ ఆ రేటుకి రావడం కష్టం. ఖాతా మూయకుండా, వడ్డీ పోకుండా అవసరం గడుస్తుంది. డబ్బు అవసరం పడి ఆర్‌డీ బ్రేక్ చేస్తానని ఎవరైనా అంటే ముందు ఈ మాట చెప్పండి.

ఏజెంట్ల దగ్గర కట్టేవాళ్లు చాలామందే ఉంటారు. మహిళా ప్రధాన్ ఏజెంట్లు, ఇంటికొచ్చి వసూలు చేసుకెళ్తారు. వాళ్లకి కమీషన్ ప్రభుత్వం ఇస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. నా గోల ఒక్కటే, ఏజెంట్ దగ్గరుండే కార్డులో సంతకం వేరు, పోస్టాఫీసు పాస్‌బుక్‌లో పడే ఎంట్రీ వేరు. రెండు మూడు నెలలకోసారి పాస్‌బుక్ తెచ్చి ఇమ్మని చూసుకోండి. అనుమానపడినట్టు అనుకుంటుందేమో అని మొహమాటపడతారు, పడక్కర్లేదు, మంచి ఏజెంట్ అయితే తనే తెచ్చి చూపిస్తుంది.

బ్యాంకుల సంగతి కొంచెం వేరు. గడువు మన ఇష్టం. స్టేట్ బ్యాంకులో అయితే 12 నెలల నుంచి 120 నెలల దాకా, కనీసం 100 రూపాయలతోనే. సీనియర్ సిటిజన్లకి బ్యాంకులు సాధారణంగా అర శాతం ఎక్కువిస్తాయి, పోస్టాఫీసు ఆర్‌డీలో ఆ అదనం లేదు, కాబట్టి 60 దాటినవాళ్లు ఇది చూసుకోవాలి. మధ్యలో మూయడం కూడా ఇక్కడ తేలిక. డబ్బు ఎంత కాలం ఉందో ఆ కాలానికి ఉండే రేటు ఇచ్చి, అందులో కొంత కోస్తారు. స్టేట్ బ్యాంకులో 5 లక్షల లోపు అయితే అర శాతం, పైన అయితే ఒక శాతం. పోస్టాఫీసులో 6.7 నుంచి 4కి దిగడంతో పోలిస్తే ఇది నయం.

వాయిదా తప్పితే మాత్రం బ్యాంకు జరిమానా ఎక్కువ. స్టేట్ బ్యాంకులో అయిదేళ్ల లోపు ఆర్‌డీకి నెలకి వందకి రూపాయిన్నర, అంటే 5,000కి 75. రెండుసార్లు తప్పితే 150. ఇందాక అర శాతం కోసం తిరిగి సంపాదించిన 167 గుర్తుందా? అందులో పదిహేడు రూపాయలు మిగిలాయి. వరసగా ఆరు తప్పితే ఖాతా మూసేసి డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు.

పేర్లు చూసి కూడా మోసపోకండి. స్టేట్ బ్యాంకు 2025 జనవరిలో హర్ ఘర్ లఖ్‌పతి అని ఒకటి తెచ్చింది, ఇంటింటా లక్షాధికారి అన్నట్టు. అప్పటి రేట్ల ప్రకారం నెలకి 2,500 చొప్పున మూడేళ్లు, లేదా 591 చొప్పున పదేళ్లు కడితే లక్ష. చూడగానే బ్రహ్మాండంగా ఉంటుంది. లోపల ఉన్నది మామూలు ఆర్‌డీనే, లక్ష అనే అంకె నుంచి వెనక్కి లెక్క కట్టి వాయిదా చెబుతున్నారంతే. ఆ లక్ష్యం కనపడుతుంటే కట్టాలనిపించేవాళ్లు నిక్షేపంగా వేసుకోవచ్చు, తప్పేం లేదు.

నెలనెలా ఒకే మొత్తం కట్టలేనివాళ్లు, అంటే వ్యవసాయం మీదో, కాంట్రాక్టు పని మీదో బతికేవాళ్లు, ఫ్లెక్సీ అని అడగండి. స్టేట్ బ్యాంకు ఫ్లెక్సీ డిపాజిట్‌లో ఏడాదికి కనీసం 5,000, గరిష్ఠంగా 50,000, ఎప్పుడు వీలైతే అప్పుడు కట్టుకోవచ్చు, గడువు అయిదు నుంచి ఏడేళ్లు. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఇంట్లో నెలవారీ ఆర్‌డీ పెట్టించడం జరిమానాలు కట్టించడానికే.

ఆర్‌డీ రేటు చూసి కొత్త బ్యాంకుకి వెళ్లేవాళ్లు మర్చిపోయేది ఇంకోటి ఉంది. ఆర్‌డీ వాయిదా సేవింగ్స్ ఖాతాలోంచి కట్ అవుతుంది, ఆ సేవింగ్స్ ఖాతాకి కనీస నిల్వ షరతు ఉండొచ్చు. మా పిన్ని కొడుక్కి ఇదే జరిగింది. ఒక ప్రైవేటు బ్యాంకులో ఆర్‌డీ రేటు బాగుందని చేరాడు, ప్రతి నెలా 5వ తేదీన వాయిదా కట్ అవగానే సేవింగ్స్‌లో సగటు నిల్వ పడిపోయేది, దానికి ఛార్జీ, ఛార్జీ మీద జీఎస్టీ. ఆర్‌డీ ఇచ్చిన వడ్డీలో సగానికి పైగా అలా వెనక్కే పోయింది. కస్టమర్ కేర్ వాళ్లని అడిగితే, సార్ అది వేరే ప్రోడక్ట్, ఇది వేరే ప్రోడక్ట్ అన్నారట. వాడికేమో రెండూ ఒకే జేబు.

ఈ కనీస నిల్వలు ఎప్పుడు ఎలా మారతాయో కూడా చెప్పలేం. స్టేట్ బ్యాంకు 2020లోనే ఆ జరిమానా తీసేసింది. కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు 2025 మధ్యలో తీసేశాయి. అదే ఏడాది ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకి కనీస నిల్వని 50,000కి పెంచి, గోల అయ్యాక కొద్ది రోజులకే 15,000కి దించింది. కాబట్టి ఆర్‌డీ రేటు అడిగేటప్పుడే, దీంతో పాటు తెరవాల్సిన సేవింగ్స్ ఖాతాలో ఎంత ఉంచాలి అని కూడా అడగండి. జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే ఆర్‌డీ వేసుకోవడం చాలామందికి అన్నిటికన్నా తేలికైన దారి.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు రేటు ఎక్కువిస్తాయి, నిజమే. భయపడక్కర్లేదు, బ్యాంకు మునిగితే డబ్బు ఇప్పించే డిపాజిట్ ఇన్సూరెన్స్ వాటికీ ఉంది. ఒక మనిషికి ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీలూ కలిపి, అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే ఉండేది. ఆ 5 లక్షలు దాటకుండా చూసుకుంటే చాలు. కానీ వీధి చివర బోర్డు పెట్టుకుని సభ్యులకి మాత్రమే అంటూ 10, 11 శాతం చెప్పే పరపతి సంఘాలకి ఈ ఇన్సూరెన్స్ వర్తించదు. సహకార బ్యాంకు వేరు, సహకార పరపతి సంఘం వేరు. ఇక్కడ అర్హత ఏమిటంటే వంద రూపాయల షేరు కొని సభ్యుడు కావడం, అంత సులువుగా లోపలికి రానిచ్చే చోట బయటికి రావడం ఎలా ఉంటుందో కూడా కనుక్కోండి. చీటీల గురించి ఎక్కువ మాట్లాడను, అది పొదుపు కన్నా అప్పుకి దగ్గర. రిజిస్ట్రార్ అనుమతి ఉన్న చీటీయేనా అని మాత్రం చూడండి, 1982 చట్టం ప్రకారం అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ఎవరి పేరు మీద తెరవొచ్చు అన్నది. పిల్లల పేరు మీద ఆర్‌డీ వేయొచ్చా అని అడుగుతుంటారు. పోస్టాఫీసులో గార్డియన్ ద్వారా ఎంత చిన్న పిల్లలకైనా తెరవొచ్చు, పదేళ్లు దాటితే పిల్లలే సొంతంగా నడుపుకోవచ్చు. పెద్దవాళ్లు ముగ్గురి దాకా కలిసి జాయింట్‌గా కూడా తెరవొచ్చు. బ్యాంకుల్లోనూ పదేళ్లు దాటిన పిల్లల్ని సొంతంగా సేవింగ్స్, డిపాజిట్ ఖాతాలు తెరవనివ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది, పరిమితి ఎంత, వయసెంత అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం.

ఆడపిల్ల అయితే ఆర్‌డీ గురించి అడగడం ఆపి సుకన్య సమృద్ధి అనే ప్రభుత్వ పొదుపు ఖాతా గురించి అడగండి. పిల్లకి పదేళ్లు నిండకముందే తెరవాలి, ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు. ఏడాదికి 250 నుంచి లక్షన్నర దాకా, పదిహేనేళ్లు కట్టాలి, తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లకి మెచ్యూరిటీ. 2024 జనవరిలో 8.2 శాతం చేశారు, 2025లోనూ అదే కొనసాగింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకే, కవలలు పుడితే మినహాయింపు ఉంది. మన ఇళ్లల్లో అమ్మమ్మో తాతయ్యో ముచ్చటపడి మనవరాలి పేరున తెరిచేస్తుంటారు, ఇక్కడే తేడా కొడుతుంది. తెరవాల్సింది తల్లి లేదా తండ్రి, వాళ్లు లేకపోతే చట్టప్రకారం గార్డియన్. తాతలు తెరిచిన ఖాతాల్ని తల్లిదండ్రుల పేరు మీదకి మార్చాలని 2024 అక్టోబరు నుంచి స్పష్టంగా చెప్పారు. డబ్బు తాతయ్య ఇవ్వొచ్చు, ఫారం మీద పేరు మాత్రం అల్లుడిదో కూతురిదో ఉండాలి.

పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా, ఒక మనిషికి ఒక్కటే. పోస్టాఫీసులో ఒకటి, బ్యాంకులో ఒకటి అంటే చెల్లదు. పిల్లాడి పేరున తెరిచినా మీదీ వాడిదీ కలిపే ఏడాదికి లక్షన్నర. నెలనెలా కట్టేవాళ్లు 5వ తేదీ లోపు కట్టండి, 5 నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు, 6న కడితే ఆ వాయిదాకి ఆ నెల వడ్డీ రాదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు పోస్టాఫీసు ఆర్‌డీ, సుకన్య, పీపీఎఫ్ కొత్తగా తెరవడానికి వీల్లేదు. ఇక్కడున్నప్పుడు తెరిచిన పీపీఎఫ్ అయితే మెచ్యూరిటీ దాకా కట్టుకోవచ్చు, పొడిగించుకోలేరు. ఆధార్ ఉంది కదా, ఇక్కడి అడ్రస్ ఉంది కదా అని బావమరిది చేత తెరిపించేవాళ్లున్నారు, బయటపడ్డ రోజు వడ్డీ దగ్గర చిక్కొస్తుంది. వాళ్లకి బ్యాంకులో ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన వేసుకునేది), ఎన్ఆర్ఓ (ఇక్కడి ఆదాయం వేసుకునేది) ఆర్‌డీలున్నాయి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు గానీ ఏడాది నిండకుండా తీస్తే వడ్డీయే ఇవ్వరు. ఎన్ఆర్ఓ అయితే వడ్డీలో 30 శాతం టీడీఎస్, అంటే బ్యాంకే పట్టుకునే పన్ను, ముందే కోసేస్తారు.

పన్ను మాట వచ్చింది కాబట్టి అది కూడా. 2015 జూన్ దాకా బ్యాంకు ఆర్‌డీ వడ్డీ మీద టీడీఎస్ ఉండేది కాదు, ఆ రోజుల్లో చాలామంది ఎఫ్‌డీ వదిలి ఆర్‌డీ వేసింది అందుకే. ఇప్పుడు ఎఫ్‌డీ, ఆర్‌డీ వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఏడాదికి 50,000 దాటితే కోస్తారు, సీనియర్లకి ఆ హద్దు లక్ష. ఈ హద్దులు 2025 ఏప్రిల్ నుంచి. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లు బ్యాంకులో డిక్లరేషన్ ఫారం ఇస్తే కోయరు. పాత పన్ను విధానంలో సేవింగ్స్ వడ్డీకి 10,000 దాకా మినహాయింపు ఉంది కదా, అది ఆర్‌డీ వడ్డీకి వర్తించదు, చాలామంది రెండూ కలిపి వేసేస్తుంటారు. టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని కాదు, బ్యాంకు ఇచ్చిన వడ్డీ ఏఐఎస్‌లో, అంటే ఆదాయపన్ను శాఖ దగ్గరుండే మీ ఏడాది లెక్కల పత్రంలో, కనపడుతూనే ఉంటుంది, మూడేళ్ల ఆర్‌డీ అయితే మెచ్యూరిటీ దాకా ఆగకుండా ఏ ఏడాది జమ అయిన వడ్డీని ఆ ఏడాదే రిటర్న్‌లో చూపించుకుంటూ పోతే చివర్లో ఒకేసారి మీద పడదు.